రాతిపువ్వు, తాళం వేసిన జాబితా

క్రొయేషియాలో సావా నది ఒడ్డున, అవతలి గట్టు బోస్నియా అయ్యే చోట, యాసెనోవాట్స్ అనే చిన్న ఊరుంది. ఊరిని ఆనుకుని పెద్ద పచ్చిక మైదానం. దాని నడుమ 24 మీటర్ల ఎత్తున రేకులు విప్పిన ఒక పువ్వు. జనం దాన్ని రాతిపువ్వు అంటారు గానీ అది కాంక్రీటుతో పోతపోసింది. 1941 నుంచి 1945 దాకా ఆ మైదానంలో క్రొయేషియా ఫాసిస్టులైన ఉస్తాషాల మరణశిబిరం నడిచింది. హిట్లర్, ముస్సోలినీల అండతో పుట్టిన ‘స్వతంత్ర క్రొయేషియా రాజ్యం’ సెర్బులను, యూదులను, రోమాలను, తనకు ఎదురు తిరిగిన క్రొయేషియన్లను, బోస్నియా ముస్లింలను అక్కడికి తెచ్చి చంపింది. 1966లో సోషలిస్టు యుగోస్లావియా అక్కడ నిలబెట్టిన ఈ స్మారకం మీద సైనికుడి బొమ్మ లేదు, తుపాకీ లేదు, ఎర్ర నక్షత్రం లేదు. చంపినవాళ్లు ఎవరో దాని మీద రాయలేదు, చనిపోయినవాళ్ల పేర్లూ రాయలేదు. ఇంత ఘోరం జరిగిన చోట ఇంత తక్కువ చెప్పడం ఏమిటన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. యుగోస్లావియా అనే ఆ దేశం ఇప్పుడు లేదు. 1991 నుంచి అది ముక్కలైన తీరుతో, అది కట్టిన ఇలాంటి స్మారకాలు చెప్పిన సంగతులకూ, చెప్పకుండా వదిలేసిన సంగతులకూ దగ్గరి సంబంధం ఉంది.

ఈ కట్టడాలు మనలో చాలామందికి ఫోన్‌లోనే పరిచయం. బెల్జియం ఫోటోగ్రాఫర్ యాన్ కెంపెనార్స్ 2006 నుంచి 2009 వరకు బాల్కన్ కొండల్లో తిరిగి వాటిని చిత్రించాడు. 2010లో పుస్తకం వచ్చింది. మంచులో, పొగమంచులో, చుట్టూ మనిషన్నవాడు కనిపించకుండా తీసిన ఆ చిత్రాలు ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా తిరిగాయి. గ్రహాంతరవాసులు వదిలేసి వెళ్లిన కట్టడాల్లా ఉన్నాయని, యుగోస్లావియా నాయకుడు టిటో తన సొంత ఇష్టంతో కట్టించాడని, ఇప్పుడు వాటిని పట్టించుకునే దిక్కు లేదని శీర్షికలు పుట్టాయి. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక కళ్లద్దాల కంపెనీ యాసెనోవాట్స్ పువ్వు దగ్గర తన సరుకుకు ప్రకటన తీసి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. వేలమంది పిల్లల్ని చంపిన చోటు అది. ఆ సంగతి ఫోటో చెప్పలేదు సరే, అడిగి తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచకపోవడం బాధాకరం. టిటో కట్టించాడన్న మాటా నిజం కాదు. చాలా స్మారకాల వెనక ఉన్నది పోరాట యోధుల సంఘం, స్థానిక కమిటీలు, ఫ్యాక్టరీల చందాలు, శిల్పుల మధ్య జరిగిన పోటీలు. దేశమంతా వేల స్మారకాలు లేచాయి. వాటిలో ఎక్కువ భాగం సాదా శిలాఫలకాలు, బడి గోడ మీద పేర్లు, ఊరి నడుమ తుపాకీ పట్టిన యోధుడి విగ్రహాలు. ఫోన్‌లో తిరిగే వింత ఆకారాలు వాటిలో కొన్నే. వదిలేశారన్నదీ సగం అబద్ధమే. బోస్నియాలోని సుత్యెస్కా లోయలో, కొజారా కొండ మీద, యాసెనోవాట్స్‌లో ఏటా జనం చేరి పూలు పెడుతూనే ఉన్నారు.

ఆ కొన్ని వింత ఆకారాల గురించే నా వాదన. వాటి మౌనంలో తప్పు లేదు. ఒకే లోయలో ఒకరినొకరు చంపుకున్న జనం పక్కపక్కన నిలబడి ఏడవడానికి అంతకన్నా మెరుగైన రూపం ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు. తప్పు చేసింది వాటిని కట్టించిన రాజ్యం. కాంక్రీటు పువ్వు మాట్లాడకపోవడం సహజమే. లెక్కల పుస్తకాలు, బడి పాఠాలు, కోర్టులు మాట్లాడాలి. అవి కూడా నోరు విప్పకుండా ఆ రాజ్యం చూసింది. ఈ రెండు మౌనాలనూ ఒకటిగా కలిపేసినందువల్లే ఈ స్మారకాలను పొగిడేవాళ్లూ, కూలగొట్టేవాళ్లూ ఇద్దరూ దారి తప్పారని నా అభిప్రాయం.

యుద్ధం ఎలాంటిదో తెలియకపోతే ఈ మాట అర్థం కాదు. 1941 ఏప్రిల్ 6న జర్మన్ విమానాలు బెల్‌గ్రేడ్ మీద బాంబులు వేశాయి. రెండు వారాలు తిరక్కుండానే దేశం లొంగిపోయింది. జర్మనీ, ఇటలీ, హంగరీ, బల్గేరియా దాన్ని పంచుకున్నాయి. క్రొయేషియా, బోస్నియాలు ఉస్తాషాల చేతికి వెళ్లాయి. సెర్బియాలో జర్మన్ల కింద ఒక తోలుబొమ్మ ప్రభుత్వం వచ్చింది. రాజు పేరు చెప్పుకున్న సెర్బు చెత్నిక్ దళాలు మొదట జర్మన్ల మీద తిరగబడి, తర్వాత చాలాచోట్ల ఇటాలియన్లతో, జర్మన్లతో చేతులు కలిపి తూర్పు బోస్నియాలో ముస్లిం ఊళ్లను తుడిచిపెట్టాయి. బోస్నియా ముస్లింలతో జర్మన్లు ఒక ఎస్ఎస్ డివిజన్‌నే నిలబెట్టారు. టిటో నడిపిన పార్టిజాన్ దళాల్లో మాత్రం ఈ జాతులన్నిటి వాళ్లూ ఉన్నారు. అంటే 1945లో యుద్ధం ముగిసేసరికి ఒక ఇంట్లో పార్టిజాన్‌గా పోయిన కొడుకు ఉంటే పక్కింట్లో ఉస్తాషాగా పోయిన కొడుకున్నాడు. కొన్ని కుటుంబాల్లో ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. హంతకుడు పరాయి దేశంవాడే అయితే స్మారకం కట్టడం తేలిక. ఇక్కడ హంతకుడు సంతలో రోజూ ఎదురయ్యే మనిషి అన్న.

సోవియట్ యూనియన్‌తో పోల్చి చూస్తే ఈ ఇబ్బంది తేటతెల్లమవుతుంది. బెర్లిన్‌లోని ట్రెప్టవ్ పార్కులో 1949లో నిలిపిన సోవియట్ సైనికుడి చేతిలో ఒక బిడ్డ, ఇంకో చేతిలో ఖడ్గం, కాళ్ల కింద ముక్కలైన స్వస్తిక. 1967లో వోల్గోగ్రాడ్ కొండ మీద కత్తి దూసి పిలిచే తల్లి విగ్రహం ఎత్తు 85 మీటర్లు. అక్కడ శత్రువు బయటివాడు, వీరుడు తనవాడు. విగ్రహానికి ఏ ముఖం పెట్టాలో, ఏ టోపీ పెట్టాలో సందేహం లేదు. యుగోస్లావియా కూడా మొదట ఆ దారిలోనే నడిచింది. డాన్యూబ్ ఒడ్డున బాతినాలో శిల్పి ఆంతున్ ఔగుస్తిన్చిచ్ 1947లో నిలిపిన విజయ స్మారకంలో స్తంభం ఉంది, దాని మీద విజయానికి గుర్తుగా స్త్రీమూర్తి ఉంది, కింద ఎర్రసేన సైనికులున్నారు. కానీ 1948 జూన్ 28న, సోవియట్ అధీనంలోని కమ్యూనిస్టు పార్టీల కూటమి అయిన కామిన్‌ఫామ్ యుగోస్లావియాను వెలివేసింది. స్టాలిన్‌తో తెగతెంపులయ్యాక సోవియట్ కళను అనుసరించాల్సిన పని లేకపోయింది. 1952లో లుబ్లియానా రచయితల మహాసభలో క్రొయేషియా రచయిత మిరోస్లావ్ క్ర్లెజా సోషలిస్టు రియలిజాన్ని బాహాటంగా తోసిపుచ్చాడు. 1961లో నెహ్రూ, నాసర్‌లు బెల్‌గ్రేడ్ అలీన మహాసభకు వెళ్లేనాటికి ఆ దేశం తూర్పుకూ చెందక పడమరకూ చెందక, తనదైన ఆధునికతతో ప్రపంచానికి కనబడాలని గట్టిగా కోరుకుంటోంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ముఖం లేని స్మారకాలకు అంతర్యుద్ధంతో పనేముంది, అది అప్పటి ఫ్యాషన్, స్టాలిన్‌కు చూపిన ధిక్కారం, అంతే అనవచ్చు. ఈ మాటలో చాలా నిజముంది. సెర్బియాలోని క్రాగుయెవాట్స్ దీనికి మంచి సాక్ష్యం. చనిపోయిన ఒక్కో జర్మన్ సైనికుడికి వందమందిని, గాయపడ్డవాడికి యాభై మందిని చంపాలన్న ఆజ్ఞ ప్రకారం 1941 అక్టోబర్ 21న అక్కడ సుమారు 2,800 మందిని కాల్చి చంపారు. వాళ్లలో బడిపిల్లలున్నారు, టీచర్లున్నారు. తుపాకులు జర్మన్లవి కాబట్టి హంతకుణ్ణి దాచాల్సిన అవసరం లేదు. అయినా షుమారిత్సె మైదానంలో శిల్పి మియొద్రాగ్ జివ్‌కొవిచ్ 1963లో నిలిపింది రెండు విరిగిన కాంక్రీటు రెక్కలనే. కాబట్టి నైరూప్య శిల్పం వచ్చిందే నేరస్తుణ్ణి దాచడానికి అనడం చెల్లదు. అది కళాకారుల స్వేచ్ఛ వల్ల, విదేశాంగ విధానం వల్ల వచ్చింది. కానీ ఒక రూపం ఎలా వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది ఎందుకు నిలిచిందన్నది ఇంకో ప్రశ్న. ఇరవై ఏళ్లపాటు ఊరూరి కమిటీలు, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న మనుషులు, ఆధునిక శిల్పం మీద పెద్ద మక్కువ లేనివాళ్లు కూడా, ఆ రూపాన్ని ఒప్పుకుని చందాలిచ్చారంటే వాళ్లకు అందులో తమదైన అవసరం ఏదో కనబడి ఉండాలి. ఆ మాటకొస్తే క్రాగుయెవాట్స్‌లోనూ కథ పూర్తిగా తేలిక కాదు. ఆ రోజు మనుషుల్ని పట్టివ్వడంలో సెర్బు సహకార దళాలూ పాలుపంచుకున్నాయి.

ఆ అవసరం ఏమిటో శిల్పి వొయిన్ బాకిచ్ జీవితం చెబుతుంది. క్రొయేషియాలోని బ్యెలొవార్‌లో సెర్బు కుటుంబంలో పుట్టిన ఆయన నలుగురు అన్నదమ్ములను 1941లో ఉస్తాషాలు చంపారు. యుద్ధం తర్వాత ఆయన మొదట చేసినవి మనుషుల రూపాలే. పిడికిలెత్తి నిలబడిన మనిషి, కాల్పులకు ఎదురు నిలిచిన మనిషి. మెల్లగా ఆయన పనిలోంచి శరీరం తప్పుకుంటూ వచ్చింది. 1968లో స్లవోనియా కొండల్లో కామెన్‌స్కా దగ్గర, తర్వాత పెత్రొవా గోరా మీద ఆయన చేసినవి ఆకాశాన్ని తమలో చూపించే ఉక్కు పలకల మడతలు. నలుగురు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషికి శత్రువు ముఖం ఎలా ఉంటుందో తెలియక కాదు. తెలిసీ ఆ ముఖం చెక్కలేదు. పగను శిల్పంలోకి రానివ్వనని ఆయన తీసుకున్న నిర్ణయంగానే నేను దాన్ని చదువుతాను.

యాసెనోవాట్స్ పువ్వును కట్టిన బొగ్దాన్ బొగ్దానొవిచ్‌ది కూడా ఇలాంటి నిర్ణయమే. బెల్‌గ్రేడ్‌కు చెందిన ఈ వాస్తుశిల్పి స్వయంగా పార్టిజాన్, యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన మొదటి స్మారకం 1952లో బెల్‌గ్రేడ్ యూదుల శ్మశానంలో లేచింది. బాంబులకు కూలిన యూదుల ఇళ్ల రాళ్లను అందులో వాడాడు. యాసెనోవాట్స్‌కు ఆయన వెళ్లేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. 1945 ఏప్రిల్‌లో పారిపోతూ ఉస్తాషాలు శిబిరాన్ని నేలమట్టం చేశారు, మిగిలిన ఇటుకలను చుట్టుపక్కల జనం ఇళ్లు కట్టుకోవడానికి తీసుకుపోయారు. హింసను బొమ్మకట్టి చూపించడానికి బొగ్దానొవిచ్ ఒప్పుకోలేదు. కట్టడాలు, చంపిన చోట్లు ఉన్న స్థలాలను మట్టిదిబ్బలతో, గుంటలతో గుర్తించాడు. పాత రైలు స్లీపర్లు పరిచి పువ్వు దాకా బాట వేశాడు. పువ్వు కింద ఫలకం మీద ఇవాన్ గోరాన్ కొవాచిచ్ రాసిన ‘యామా’ కావ్యంలోని పంక్తులు పెట్టారు. కొవాచిచ్ క్రొయేషియన్ కవి. ఉస్తాషాలు చేసిన ఊచకోత మీద ఆ కావ్యం రాశాడు. 1943లో సెర్బు చెత్నిక్‌లు ఆయన్ను చంపారు. ఏ జాతిని ఏ జాతి చంపిందో ఒక్క ముక్క రాయని ఆ స్మారకం, ఈ ఒక్క కవిని ఎన్నుకోవడంతోనే ఎంతో చెప్పింది. తెలిసినవాళ్లకు అది చాలు. తెలియనివాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మాత్రం స్మారకం మోయలేదు.

బోస్నియా వాయవ్యంలోని కొజారా కొండ మీద శిల్పి దుషాన్ జామొన్యా 1972లో పూర్తిచేసిన స్మారకం ఇంకో దారిలో ఇదే పని చేస్తుంది. 33 మీటర్ల ఎత్తున నిలువు కాంక్రీటు పలకలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. మధ్యలోకి వెళ్లాలంటే పలకల సందుల్లోంచి ఒళ్లు ఒత్తుకుంటూ దూరాలి. లోపల చీకటి, పైన చిన్న వెలుగు. 1942 వేసవిలో ఆ కొండల్ని జర్మన్, ఉస్తాషా సేనలు చుట్టుముట్టాయి. పార్టిజాన్లు చచ్చారు, వేలకువేల గ్రామస్తులను శిబిరాలకు తోలుకుపోయారు. వాళ్లలో చాలామంది చేరింది యాసెనోవాట్స్‌కే. ఆ చుట్టివేతలో చిక్కినవాళ్లు పడ్డ ఊపిరాడనితనం చూసేవాడి భుజాలకు, పక్కటెముకలకు తగిలేలా జామొన్యా కట్టాడు. మనిషి ఏ జాతివాడైనా ఆ సందులో ఒళ్లు ఒకేలా ఒరుసుకుంటుంది. దగ్గర్లో గోడ మీద 9,921 మంది పార్టిజాన్ల పేర్లున్నాయి. ఆ పేర్లు పోరాడినవాళ్లవి. శిబిరాల్లో పోయిన ఆడవాళ్లు, పిల్లల పేర్లు ఆ గోడెక్కలేదు. అసలు సమస్య ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెండో అభ్యంతరం మొదటిదానికన్నా బలమైంది. ఈ మౌనం గెలిచినవాళ్లకు పనికొచ్చే మౌనం అన్నది ఆ అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తోసేయలేం. 1945 మేలో ఆస్ట్రియా సరిహద్దులోని బ్లైబుర్గ్ దగ్గర లొంగిపోయిన ఉస్తాషా, క్రొయేషియా, స్లొవేనియా, చెత్నిక్ దళాల మనుషులను, వాళ్లతో పారిపోతున్న పౌరులను పార్టిజాన్లు విచారణ లేకుండా వేలవేలుగా చంపి గనుల్లో, కొండగుంటల్లో పూడ్చారు. స్లొవేనియాలో హుదా యామా గని గోడలు బద్దలుకొట్టి శవాలను బయటికి తీసింది 2009లో. ఆ చావుల గురించి సోషలిస్టు యుగోస్లావియాలో బహిరంగంగా మాట్లాడటమే నేరం, ఇక స్మారకం ఎక్కడిది? 1949 నుంచి గోలి ఒతొక్ అనే బండరాళ్ల దీవిలో స్టాలిన్ పక్షం అన్న అనుమానంతో వేలమంది సొంత కమ్యూనిస్టులనే నిర్బంధించారు. దానికీ స్మారకం లేదు. ‘సోదరత్వం, ఐక్యత’ అన్నది రాజ్య మంత్రం. యాసెనోవాట్స్‌లో పోయినవాళ్లు సెర్బులనో యూదులనో రోమాలనో అనకుండా ‘ఫాసిస్టు హింసకు బలైనవారు’ అంటే చాలనుకున్నారు. యూదుడు యూదుడైనందుకే, రోమా రోమా అయినందుకే చనిపోయాడన్న నిజం ఆ మాటలో కనబడకుండా పోయింది.

ఇదంతా నిజమే. అయితే ఇందులో స్మారకం పాత్ర ఎంత, రాజ్యం పాత్ర ఎంత అని విడదీసి చూడాలి. విడదీయడానికి 1964లో జరిగిన ఒక పని మనకు సాయం చేస్తుంది. యుద్ధం ముగిశాక యుగోస్లావియా తన నష్టం 17 లక్షల ప్రాణాలని అంతర్జాతీయ వేదికలకు చెప్పింది. యుద్ధ పరిహారాల కోసం ఆదరాబాదరాగా కట్టిన లెక్క అది. పుట్టాల్సిన పిల్లలు పుట్టకపోవడం, వలసపోవడం కూడా అందులో కలిసిపోయాయి. 1964లో పశ్చిమ జర్మనీ నుంచి పరిహారం రాబట్టడానికి పేరుపేరునా జాబితా కావాల్సి వచ్చింది. మనుషులు ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. తేలిన పేర్లు 5,97,323. జాబితాలో లోటు ఉంది. ఇంటిల్లిపాదీ పోయిన కుటుంబాల గురించి చెప్పేవాళ్లు లేరు, అవతలి పక్షాన చచ్చినవాళ్లను రాయనే లేదు. అయినా 17 లక్షలకూ ఆరు లక్షలకూ మధ్య తేడా ఆ లోటుతో పూడేది కాదు. రాజ్యం ఏం చేసింది? లోటు సరిదిద్దుకోలేదు, జనానికి చెప్పలేదు. జాబితా మీద నిషేధం పెట్టి బీరువాలో దాచేసింది. రెండేళ్ల తర్వాత యాసెనోవాట్స్ పువ్వు లేచింది. పువ్వు మీద పేర్లు లేవని వాపోయేవాళ్లు ఈ వరస గమనించాలి. పేర్లు దొరక్క కాదు. బెల్‌గ్రేడ్‌లో ఉన్నాయి, ఊరి పేరుతో, తండ్రి పేరుతో సహా ఉన్నాయి. బొగ్దానొవిచ్ వాటిని దాచలేదు. దాచిన చేయి వేరు.

ఆ బీరువా ఖరీదు 1980లలో తెలిసింది. 1980లో టిటో పోయాడు. రాజ్యం బలహీనపడుతున్నకొద్దీ సెర్బు పత్రికల్లో యాసెనోవాట్స్ మృతులు ఏడు లక్షలు, పది లక్షలు అవుతూ పోయారు. 1989లో క్రొయేషియా చరిత్రకారుడు ఫ్రాంజో టుజ్‌మన్ తన పుస్తకంలో వాళ్లను ముప్పై నలభై వేలకు కుదించాడు. తర్వాత అతనే క్రొయేషియా అధ్యక్షుడయ్యాడు. ఉస్తాషాల ఎముకలను కూడా తెచ్చి యాసెనోవాట్స్‌లో బాధితుల పక్కనే పెడదామని ప్రతిపాదించి నిరసన మూటగట్టుకున్నాడు. ఒకవైపు లెక్కను ఆయుధం చేశారు, ఇంకోవైపు లెక్కను చెరిపేశారు. మధ్యలో ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చుని జనాభా లెక్కలు పరిశీలించారు. బొగొల్యుబ్ కొచొవిచ్ సెర్బు, వ్లదిమిర్ జెర్యావిచ్ క్రొయేషియన్. ఒకరి పుస్తకం 1985లో, రెండోవారిది 1989లో వచ్చింది. ఇద్దరికీ యుద్ధంలో పోయినవాళ్లు పది లక్షల పైచిలుకని దాదాపు ఒకే అంకె తేలింది. నిజం కావాలనుకున్నవాళ్లకు నిజం దొరుకుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అది ఇరవై ఏళ్ల ముందే, రాజ్యం నోటితోనే, బడిపుస్తకాల్లోకి రావాల్సింది. ఇవాళ యాసెనోవాట్స్ స్మారక సంస్థ పేరుపేరునా గుర్తించినవాళ్లు 83,145 మంది. వాళ్లలో సెర్బులు 47,627, రోమాలు 16,173, యూదులు 13,116. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు 20,101. ఏడు లక్షలని అబద్ధం చెప్పకపోతే ఈ ఘోరం చిన్నదైపోయేదా?

పేర్లు బయటపెట్టి ఉంటే దేశం ఇంకా ముందే చీలిపోయేదని ఆ రాజ్యాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు అంటారు. 1946లో, 1950లో ఈ భయం అర్థం చేసుకోదగిందే. ఎవరు ఎవర్ని చంపారో ఊరూరా చదివి వినిపిస్తే కత్తులు మళ్లీ బయటికొచ్చేవేమో. కానీ 1964 నాటికి ఇరవై ఏళ్లు గడిచాయి, కొత్త తరం బడికి వెళ్తోంది, ఫ్యాక్టరీల్లో, సైన్యంలో, పెళ్లిళ్లలో జాతులు కలిసిపోతున్నాయి. నిజం వినడానికి అంతకన్నా నెమ్మదైన కాలం ఆ దేశానికి మళ్లీ రాలేదు. ఆ కాలాన్ని వాడుకోకుండా, నిజాన్ని విడమరిచే పనిని అమ్మమ్మల నోటికీ, ప్రవాసుల కరపత్రాలకూ, చివరికి సైనిక టోపీలు పెట్టుకున్న రాజకీయ నాయకులకూ వదిలేశారు. బొగ్దానొవిచ్ స్వయంగా 1982 నుంచి 1986 వరకు బెల్‌గ్రేడ్ మేయర్. 1987లో సెర్బియా కమ్యూనిస్టు నేత మిలొషెవిచ్ తన పార్టీని జాతీయవాదం వైపు తిప్పుతున్నప్పుడు అతనికి సుదీర్ఘమైన నిరసన లేఖ రాశాడు. ఫలితంగా వేధింపులు ఎదుర్కొని 1993లో వియన్నాకు ప్రవాసం వెళ్లాడు. మౌనమైన స్మారకాలు కట్టిన మనిషి మౌనంగా ఉండలేదు.

తొంభైలలో వీటిని పగలగొట్టిన తీరు కూడా ఒక సాక్ష్యమే. 1990 నుంచి పదేళ్లలో ఒక్క క్రొయేషియాలోనే దాదాపు మూడు వేల ఫాసిస్టు వ్యతిరేక స్మారకాలు ధ్వంసమయ్యాయి లేదా దెబ్బతిన్నాయి. కామెన్‌స్కాలో బాకిచ్ నిలిపిన ముప్పై మీటర్ల ఉక్కు రూపాన్ని 1992 ఫిబ్రవరిలో క్రొయేషియా సైనికులు పేలుడు పదార్థాలతో కూల్చారు. పెత్రొవా గోరా మీద ఆయన రూపొందించిన స్మారకం ఉక్కు పలకల్ని ఊడబెరుక్కుపోయారు. ఈ రూపాలకు అర్థం లేదని, జనానికి అంటని కళ అని విమర్శకులు రాసేవారు. అర్థం లేనిదాన్ని పేల్చడానికి ఎవరూ అంత మందుగుండు మోసుకురారు. సెర్బులు, క్రొయేషియన్లు, ముస్లింలు కలిసి ఫాసిజం మీద పోరాడి గెలిచారన్న మాటను ఆ ఉక్కు నోరు తెరవకుండానే చెబుతోందని పేల్చినవాళ్లకు బాగా తెలుసు. ఒక పార్టీ నియంతృత్వం కట్టింది కాబట్టి అది పోయాక స్మారకాలూ పోవాలని వాదించేవాళ్లతో నేను సగం దూరం వెళ్తాను. బతికుండగానే నాయకుడికి కట్టిన విగ్రహాన్ని చౌరస్తాలోంచి మ్యూజియానికి తరలిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ అస్థికల మీద కట్టినవి వేరు. సుత్యెస్కాలో జివ్‌కొవిచ్ 1971లో నిలిపిన రెండు కాంక్రీటు కొండచరియల దగ్గర 3,301 మంది పార్టిజాన్ల అస్థికలున్నాయి. 1943లో అక్కడి పోరులో చచ్చినవాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండనివాళ్లు. వాళ్ల సమాధి పార్టీ ఆస్తి కాదు.

అలాగని కట్టడాన్ని కాపాడితే చాలు, అర్థం దానంతటదే నిలుస్తుందని అనుకోవడమూ పొరపాటే. కొజారా స్మారకాన్ని ఎవరూ కూల్చలేదు. అది ఉన్నది ప్రియెదోర్ ప్రాంతంలో. 1992లో అదే ప్రాంతంలో బోస్నియా సెర్బు అధికారులు ఒమార్‌స్కా శిబిరం నడిపి బోస్నియాక్‌లను (బోస్నియా ముస్లింలను), క్రొయేషియన్లను హింసించి చంపారు. అమాయకులను శిబిరాలకు తోలడం ఎంత ఘోరమో చెప్పడానికి కట్టిన స్మారకం కొండ మీద అలాగే నిలబడి ఉంది. తర్వాత అక్కడి మ్యూజియంలో కథను సెర్బుల వేదనగా మాత్రమే తిరగరాశారు. కాంక్రీటు మారలేదు, పక్కన రాసిన మాట మారింది. స్మారకం ఎంత గొప్పదైనా దాని పక్కన నిలబడి చెప్పే మాట నిజాయితీగా లేకపోతే, ఎవడి చేతికి చిక్కితే వాడి కథ చెబుతుంది. 2006లో యాసెనోవాట్స్‌లో కొత్త ప్రదర్శన పెట్టి, బాధితుల పేర్లను గాజు పలకల మీద రాసి కప్పు నుంచి వేలాడదీశారు. నలభై ఏళ్లు ఆలస్యమైనా అది జరగాల్సిన పని. అక్కడా హంతకుల గురించి, వాళ్ల భావజాలం గురించి చెప్పింది చాలా తక్కువని బాధితుల సంఘాలు తప్పుపట్టాయి. ఆ విమర్శ న్యాయమైనదే. మునుపు ఇద్దరి పేర్లూ దాచారు, ఇప్పుడు ఒకరి పేరు బయటికొచ్చింది.

బోస్నియాలోని మోస్తార్‌లో జరిగింది ఈ చర్చను ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. అక్కడి పార్టిజాన్ శ్మశానం కూడా బొగ్దానొవిచ్ పనే, 1965లో టిటో దాన్ని ఆవిష్కరించాడు. గుట్ట మీద మెట్లుమెట్లుగా లేచే రాతి అరుగులు, వాటి మీద సెర్బు, క్రొయేషియన్, ముస్లిం, యూదు పేర్లు కలగలిసి ఉన్న చిన్న చిన్న రాళ్లు. శిలువ లేదు, నెలవంక లేదు, ఏ జాతి వరస ఆ జాతిది కాదు. తొంభైల యుద్ధంలో ఊరు రెండుగా చీలింది, శ్మశానం దెబ్బతింది. 2006లో బోస్నియా దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. 2022 జూన్‌లో ఒక రాత్రి ఎవరో వచ్చి ఆరు వందలకు పైగా పేర్ల రాళ్లను పగలగొట్టి పోయారు. వాళ్లు గుట్టనూ అరుగులనూ వదిలేసి నేరుగా పేర్ల మీదికి వెళ్లారు. ఏ పేరు పక్కన ఏ పేరుందో చదివినవాళ్లే ఆ పని చేయగలరు. ఆ రాళ్లను మళ్లీ చెక్కించి, ప్రతి పేరూ దాని పక్కనున్న పేరుతో సహా పాత చోటనే పెట్టే బాధ్యత బోస్నియా ప్రభుత్వానిది. దాంతోపాటు ఆ పేర్లవాళ్లు ఎవరో, ఏ ఏడు, ఎవరి చేతిలో చనిపోయారో మోస్తార్‌లో విడివిడి పాఠ్యపుస్తకాలు చదివే రెండు వర్గాల పిల్లలకూ ఒకే పాఠంగా చెప్పాలి. జాబితా బీరువాలో పెట్టిన రాజ్యం కూలిపోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆ పాఠం ఇంకా ఎవరూ రాయలేదు.